‘ప్రత్యేక ధన్యవాదాలు’ సరిపోవు

ప్రశ్న: అక్కా, నమస్తే. న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో ఒక పాడ్‌కాస్ట్ కంపెనీలో అసోసియేట్ ప్రొడ్యూసర్‌గా చేస్తున్నాను. మా టీంలో తెల్లవాళ్లే ఎక్కువ. వలస వచ్చినవాళ్ల కథ ఏది చేసినా నా దగ్గరికే వస్తారు. మాట్లాడే మనుషుల్ని నేనే వెతకాలి. తెలుగు, హిందీ ఇంటర్వ్యూలన్నీ నేనే విని ఇంగ్లిష్‌లో రాసివ్వాలి. పేర్లు ఎలా పలకాలో హోస్ట్‌కి నేనే చెప్పాలి. ఎపిసోడ్ చివర మాత్రం నా పేరు ‘ప్రత్యేక ధన్యవాదాలు’లో వస్తుంది. నా తర్వాత చేరిన తెల్లబ్బాయికి ఈమధ్యే ప్రొడ్యూసర్‌గా ప్రమోషన్ ఇచ్చారు. ఇప్పుడు టీంలోని నల్లజాతి అమ్మాయి యూనియన్ పెడదామంటోంది. మా బాస్ నన్ను విడిగా పిలిచి, “నువ్వు వాళ్లలా కాదు, అర్థం చేసుకుంటావు” అంది. నాకు గ్రీన్‌కార్డ్ ఉంది. అయినా నాన్న తల వంచుకుని నీ పని నువ్వు చూసుకో అంటున్నారు. ఏం చెయ్యమంటారు? – పేరు వెయ్యొద్దు

జవాబు: చెల్లెమ్మా, నీ ఉత్తరంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది మీ బాస్ అన్న మాటే. “నువ్వు వాళ్లలా కాదు” అంటే మెచ్చుకోవడం కాదు, ఆ అమ్మాయి నుంచి నిన్ను విడదీయడం. ఈ దేశంలో మనవాళ్లకి ఆ మాట తియ్యగా వినిపిస్తుంది. వినేవాళ్లని చాలామందిని చూశాను. నీకు రాని ప్రమోషన్, ఆమె అడుగుతున్న యూనియన్, రెండూ ఒకే సంగతి: ఎవరి పనికి ఎంత విలువ కట్టాలో తేల్చేది ఎవరు?

మీ పక్క వీధుల్లోనే జరిగినది ఒకటి చెబుతాను. బ్రూక్లిన్‌లో గిమ్లెట్ మీడియా అని పేరున్న పాడ్‌కాస్ట్ కంపెనీ ఉండేది. 2019లో స్పాటిఫై దాన్ని కొనేసింది. గిమ్లెట్ వాళ్ల ‘రిప్లై ఆల్’ షోలో 2021 ఫిబ్రవరిలో ‘ది టెస్ట్ కిచెన్’ అనే సిరీస్ మొదలైంది. బాన్ అపెటీ వంటల పత్రికలో తెల్లవారు కాని ఉద్యోగుల్ని ఎలా చూశారన్నది దాని కథ. రెండు ఎపిసోడ్లు వచ్చాయి. అప్పుడు ఒకప్పటి గిమ్లెట్ ఉద్యోగి, నల్లజాతి హోస్ట్ ఎరిక్ ఎడింగ్స్ ట్విటర్‌లో నోరు విప్పాడు. గిమ్లెట్‌లోనూ దాదాపు అదే వాతావరణం ఉండేదని, అందులో ఈ షో వాళ్ల పాత్ర కూడా ఉందని, యూనియన్ కోసం తాము పాటుపడుతుంటే వాళ్లు ఎదురు నిలిచారని రాశాడు. సిరీస్ నడిపిన శ్రుతి పిన్నమనేని, షో హోస్ట్ పీజే వోట్ ఇద్దరూ క్షమాపణ చెప్పి షో నుంచి తప్పుకున్నారు. సిరీస్ అక్కడితో ఆగిపోయింది.

పిన్నమనేని అన్న ఇంటిపేరు మన తెలుగువాళ్లం ఇట్టే గుర్తుపడతాం. ఆవిడని వేలెత్తి చూపడానికి ఇది రాయడం లేదు, పొరపాటు ఒప్పుకుని బయటికొచ్చిన మనిషి ఆవిడ. మన ఒంటి రంగు మనల్ని ఏ పక్షానా నిలబెట్టదని చెప్పడానికి రాస్తున్నాను. గదిలో మనకొక కుర్చీ వేశారంటే, వేయనివాళ్ల గురించి మనం ఏం మాట్లాడతామో అదే మన పక్షం. మీ బాస్ నీకిప్పుడు ఆ కుర్చీ చూపిస్తోంది.

అదే గిమ్లెట్‌లో యూనియన్ గెలిచింది కూడా. అమెరికా రచయితల సంఘం (రైటర్స్ గిల్డ్) తూర్పు శాఖలో చేరి, 2021లో ఒప్పందం కుదుర్చుకున్నారు. ప్రొడ్యూసర్లకు కనీస జీతం ఏడాదికి 73,000 డాలర్లు, ఏటా కనీసం 2 శాతం పెంపు, ఉద్యోగం తీసేస్తే కనీసం 11 వారాల జీతం. కనీస జీతం కాగితం మీదికి ఎక్కిందంటే, ఎవరు గట్టిగా బేరమాడగలరు, ఎవరు బాస్‌తో సరదాగా ఉంటారు అన్నదాన్ని బట్టి జీతాలు తేలడం చాలావరకు తగ్గుతుంది. తెల్లవారు కానివాళ్లు నష్టపోయేది ఎక్కువగా అక్కడే. అందుకే ఆ అమ్మాయితో కలిసి కాఫీకి వెళ్లు. ఆమె జీతం అడుగు, నీది చెప్పు. యూనియన్ లేకపోయినా సరే, తోటి ఉద్యోగులతో జీతాల గురించి మాట్లాడుకునే హక్కు 1935 నాటి కార్మిక సంబంధాల చట్టంలోని 7వ సెక్షన్ నీకిచ్చింది. ‘జీతాల సంగతి బయట మాట్లాడకూడదు’ అని కంపెనీ రూలు పెడితే ఆ రూలే చెల్లదు. ఇతరుల మీద అధికారం ఉన్న సూపర్‌వైజర్లకీ, కాంట్రాక్టర్లకీ ఈ రక్షణ లేదు. నువ్వు ఆ రెండిటిలోకీ రావనే నీ ఉత్తరాన్ని బట్టి అనిపిస్తోంది.

ఇక క్రెడిట్ సంగతి. దీని మీద నాకు చాలా కోపముంది, ఎడిటర్‌గా ఎన్నో ఏళ్లు దగ్గర్నుంచి చూశాను కాబట్టి. రెండు గంటల తెలుగు ఇంటర్వ్యూలో ఏ నాలుగు నిమిషాలు వాడాలో ఎవరు చెబుతున్నారు? నువ్వు. భాష రాని ఎడిటర్ నువ్వు రాసిచ్చిన కాగితంలోంచే ఏరుకుంటుంది. నువ్వు వదిలేసిన మాట ఆమె దృష్టిలో అసలు లేనే లేదు. అది సాయం కాదు, ప్రొడ్యూసర్ చేసే పని. ఆ పేరుతోనే అడుగు. ఎప్పుడు అడగాలో కూడా ముఖ్యం. క్రెడిట్లు స్క్రిప్ట్ చివర రాస్తారు, హోస్ట్ చదివి రికార్డ్ చేస్తుంది. మిక్స్‌కి, అంటే శబ్దాలన్నీ కలిపి తుది ఆడియో చేసే దశకి వెళ్లాక అడిగితే మళ్లీ రికార్డ్ చెయ్యాలి కాబట్టి “వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం” అంటారు. మొదటి డ్రాఫ్ట్ రోజునే ఆ డాక్యుమెంట్‌లో నీ పేరు, పక్కన నువ్వు చేసిన పని నువ్వే టైప్ చెయ్యి. తీసెయ్యాలనుకున్నవాళ్లు ఎందుకు తీస్తున్నారో చెప్పాల్సి వస్తుంది.

ప్రతి ఎపిసోడ్‌కీ ఏం చేశావో తేదీలతో సొంత నోట్‌బుక్‌లో రాసుకో. కంపెనీ లాప్‌టాప్‌లో వద్దు. న్యూయార్క్ నగరంలో 2022 నవంబర్ నుంచి ఉద్యోగ ప్రకటనలో జీతం ఎంత నుంచి ఎంత వరకో చూపించాలి, లోపలి ప్రమోషన్లకి వేసే ప్రకటనలైనా సరే. ప్రొడ్యూసర్ పోస్టుకి ప్రకటన వేశారా, ఎవరికీ తెలియకుండా ఇచ్చేశారా? అడుగు. జాతి కారణంగానే నిన్ను పక్కన పెట్టారని నోట్‌బుక్ చూశాక నీకే అనిపిస్తే, సమాన ఉద్యోగావకాశాల కమిషన్‌కి ఫిర్యాదు చెయ్యడానికి న్యూయార్క్‌లో 300 రోజుల గడువుంటుంది. నిర్ణయం తెలిసిన రోజు నుంచి లెక్క. అది పోనివ్వకు.

ఇంకొకటి. వలస కథలే కాదు, నీకు ఇష్టమైన మరో షో అడుగు, క్రీడలో, సైన్సో. 2020లో బ్రిటన్‌లో రెనే రిచర్డ్‌సన్ మొదలుపెట్టిన ఆడియో సమానత్వ ఒప్పందంలో ఈ మాట ఉంది: మైనారిటీల వాళ్లని వాళ్ల గుర్తింపుకి సంబంధించిన ప్రాజెక్టులకే పరిమితం చెయ్యొద్దని. జీతం లేని ఇంటర్న్‌షిప్‌లు వద్దని కూడా ఉంది. చాలా కంపెనీలు సంతకం చేశాయి. మీవాళ్లు చేశారేమో చూడు. చేసుంటే పని తేలిక, వాళ్ల సంతకమే వాళ్లకి చూపించొచ్చు.

నాన్నగారి భయం నాకు అర్థమవుతుంది. ఉద్యోగం పోతే వీసా పోతుందన్న భయంతో బతికినవాళ్లు మనవాళ్లలో ఎందరో. ఆ భయాన్ని కొట్టిపారేయకు. కానీ నీ కాగితాలు వేరు, నిలబడగలిగే చోటున నువ్వున్నావు. వీసా మీద ఉన్న తోటివాళ్లు మాట్లాడలేనప్పుడు నీ గొంతు వాళ్లకి కూడా కావాలి.

ప్రశ్న: మేడమ్, నేనూ నా స్నేహితురాలూ సొంతంగా ఒక పాడ్‌కాస్ట్ నడుపుతున్నాం. ఒక పెద్ద కంపెనీ తీసుకుంటామంటోంది. ఒప్పందంలో ఏం చూసుకోవాలి? – న్యూజెర్సీ పాఠకుడు

జవాబు: డబ్బు కంటే ముందు షో పేరు, ఫీడ్ (ఎపిసోడ్లు శ్రోతల యాప్‌లకి చేరే లింకు) ఎవరివో చూడండి. పైన చెప్పిన ఎరిక్ ఎడింగ్స్, బ్రిటనీ లూస్ కలిసి ‘ఫర్ కలర్డ్ నర్డ్స్’ అనే సొంత షో చేసేవారు. గిమ్లెట్‌లో చేరి 2017లో ‘ది నాడ్’ చేశారు. తమ సొంత షో హక్కులు మళ్లీ చేతికొచ్చి, దాన్ని తిరిగి మొదలుపెట్టేసరికి 2021 అయింది. గిమ్లెట్ యూనియన్ కూడా ఒప్పందంలో హక్కుల కోసం గట్టిగా అడిగింది, కానీ అది సాధించలేకపోయింది. అంటే ఒకసారి రాసిచ్చాక వెనక్కి తెచ్చుకోవడం అంత కష్టం.

‘వర్క్ మేడ్ ఫర్ హైర్’ అన్న మాట కనిపిస్తే ఆగండి. 1976 కాపీరైట్ చట్టం ప్రకారం ఆ కోవలోకి వచ్చిన పనికి కంపెనీయే రచయిత, మీరు కాదు. అమ్మెయ్యకుండా కొన్నేళ్లకి లైసెన్స్ ఇస్తామని అడగండి. పుస్తకంగానో టీవీ సీరియల్‌గానో వస్తే మీ వాటా ఎంతో విడిగా రాయించండి. వాళ్లు షో ఆపేస్తే పేరు, ఫీడ్, పాత ఎపిసోడ్లు ఎన్ని నెలల్లో మీకు తిరిగి రావాలో అంకె వేయించండి. వినోదరంగ ఒప్పందాలు చూసే లాయర్‌కి చూపించకుండా సంతకం వద్దు. హోస్టింగ్ ఖాతా (ఎపిసోడ్లు ఆన్‌లైన్‌లో దాచే ఖాతా) అప్పగించే ముందు, ఎడిట్ చెయ్యని రికార్డింగులతో సహా అన్నిటికీ ఒక కాపీ మీ హార్డ్‌డిస్క్‌లో ఉంచుకోండి.