లావుగా ఉన్నవారికి జిమ్ ఇబ్బందిగా అనిపించకుండా ఏమి చేయాలి?

ముందు పరికరాలు చూడాలి. చాలా జిమ్‌లలో సైకిల్ సీటు ఇరుకు, బెంచీ సన్నం. ట్రెడ్‌మిల్ ఎంత బరువు మోయగలదో ఎక్కడా కనిపించదు. ఆ పరిమితిని యంత్రం మీదే పెద్ద అక్షరాలతో రాస్తే, అందరి ముందూ అడగాల్సిన అవస్థ తప్పుతుంది. వీపు ఆనించి తొక్కే సైకిల్ ఒకటైనా ఉండాలి.

అసలు చిక్కు శిక్షకుల తీరుతోనే. వచ్చినవారంతా బరువు తగ్గడానికే వచ్చారని వీరికి ఎవరు చెప్పారో! బలం కోసమో, రక్తపోటు అదుపు కోసమో కూడా వస్తారు. బరువు పెద్దగా తగ్గకపోయినా వ్యాయామంతో ఆ మేలు కలుగుతుంది. కాబట్టి లక్ష్యం అడగాలి, అడగకుండా తూకం ఎక్కించకూడదు. తొలి రోజే పరుగులు పెట్టించనక్కరలేదు. పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ వ్యాయామం చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. అంటే కాస్త ఆయాసపడుతూనే మాట్లాడగలిగే స్థాయి. గోడల మీది ‘అప్పుడు, ఇప్పుడు’ ఫొటోలూ తీసేయొచ్చు.