మచ్చకు మందు వెతికే ముందు

అమ్మడూ,

నువ్వు పంపిన ఫోటోను పెద్దది చేసి మరీ చూశాను. కుడి చెంప మీద, కణత దగ్గర నాలుగైదు గోధుమరంగు మచ్చలు. నలభై రెండేళ్లకే ముసలిదాన్ని అయిపోయానా పెద్దమ్మా అని అడిగావు. నాకూ ఆ వయసులోనే మొదలయ్యాయి. అద్దం ముందు నిలబడితే కళ్లు ఇంకెక్కడికీ పోవు, ఆ మచ్చ మీదికే పోతాయి. ఆ టెన్షన్ నాకు తెలుసు కాబట్టే ఫోన్లో రెండు ముక్కలు చెప్పి ఊరుకోలేక ఉత్తరం రాస్తున్నాను.

ముందు అది ఏ రకం మచ్చో తేలాలి. అందరూ అన్నిటినీ మంగు అనేస్తారు. మంగు సాధారణంగా రెండు చెంపల మీదా, నుదుటి మీదా, పైపెదవి మీదా ఇంచుమించు సమానంగా, మబ్బు పట్టినట్టు పరుచుకుంటుంది. గర్భంతో ఉన్నప్పుడూ, గర్భనిరోధక మాత్రలు వాడేటప్పుడూ ఎక్కువగా వస్తుంది. ఎండ మచ్చ అలా కాదు. విడివిడిగా, అంచు తెలిసేలా, చదునుగా ఉంటుంది. ముఖం, ముంజేతులు, అరచేతుల వెనక భాగం, ఇలా ఎండ తగిలే చోటే వస్తుంది. వేలితో తడిమితే తేడా తెలియదు. తడిమినప్పుడు మైనం ముద్ద అతికించినట్టు ఉబ్బుగా, గరుకుగా ఉంటే అది వయసుతో వచ్చే వేరే పెరుగుదల కావచ్చు. దాంతో మామూలుగా ప్రమాదం లేదు కానీ క్రీములకు లొంగదు. మొటిమ మానిన చోట మిగిలే నలుపు ఇంకొక రకం. ఫోటోలో నీవి ఎండ మచ్చల్లాగే ఉన్నాయి. అయినా ఫోటో చూసి చెప్పిన మాట మీద మందు మొదలుపెట్టకు, చర్మ డాక్టరుకు ఒకసారి చూపించు.

ఎండ నుంచి కాపాడుకోవడానికే చర్మం మెలనిన్ అనే రంగును తయారుచేసుకుంటుంది. ఏళ్ల తరబడి ఎండ తగిలిన చోట ఆ తయారీ అదుపు తప్పి, రంగు ఒకచోట పేరుకుంటుంది. ముడతల సంగతి ఇంకా లోపల ఉంది. ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాల్లో యూవీబీ అనేది ముఖ్యంగా పైపొరను కందిస్తుంది. యూవీఏ లోపలి పొర దాకా దిగి, చర్మాన్ని బిగువుగా ఉంచే కొల్లాజెన్‌ను దెబ్బతీస్తుంది. యూవీబీని కిటికీ అద్దం చాలావరకు ఆపుతుంది. యూవీఏ మాత్రం మామూలు అద్దంలోంచి చాలావరకు వచ్చేస్తుంది. 2012లో ఒక అమెరికన్ వైద్య పత్రికలో 28 ఏళ్లు ట్రక్కు నడిపిన 69 ఏళ్ల డ్రైవరు ఫోటో వేశారు. కిటికీ వైపున్న ఎడమ చెంప మందంగా, లోతైన ముడతలతో వేలాడుతూ ఉంది. కుడి చెంప అతనికంటే ఎంతో చిన్నవాడిదిలా ఉంది. అది చూశాక నా ముఖం నాకు అర్థమైంది. ఆఫీసులో ఇరవై ఆరేళ్లు కిటికీ నా ఎడమ పక్కనే ఉండేది, నా మచ్చలన్నీ ఎడమ చెంప మీదే. నువ్వు పనిచేసే చోట కిటికీ ఎటువైపు ఉందో చూసుకో.

అందుకే సన్‌స్క్రీన్ లేకుండా ఎన్ని మందులు రాసినా చిల్లు కుండలో నీళ్లు పోసినట్టే. డబ్బా మీద ఎస్‌పీఎఫ్ అని ఉండే రక్షణ అంకె 30 ఉన్నది యూవీబీలో దాదాపు 97 శాతం ఆపితే, 50 ఉన్నది 98 శాతం ఆపుతుంది. కాబట్టి ఇంకా పెద్ద అంకె కోసం తిరగక్కర్లేదు. పైగా ఆ అంకె యూవీబీ గురించే ప్రధానంగా చెబుతుంది. యూవీఏ కోసం డబ్బా మీద బ్రాడ్ స్పెక్ట్రమ్ అని గానీ, పీఏ పక్కన ప్లస్ గుర్తులు గానీ ఉన్నాయేమో చూడు. చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు గీతలు పిండితే ముఖానికీ మెడకూ సరిపోతుంది. చాలామంది ఇందులో సగం కూడా రాయరు. బయట ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. ఆస్ట్రేలియాలో తొమ్మిది వందల మందికి పైగా జనాన్ని నాలుగున్నరేళ్లు గమనించి 2013లో ఫలితాలు చెప్పారు. రోజూ రాసుకున్నవాళ్ల చర్మంలో వయసు ఛాయలు, ఇష్టమైనప్పుడు రాసుకున్నవాళ్లకంటే 24 శాతం తక్కువగా కనిపించాయట. ఒకవేళ నీది మంగే అని తేలితే ఐరన్ ఆక్సైడ్ కలిసిన, కాస్త రంగున్న సన్‌స్క్రీన్ అడుగు. మంగును కంటికి కనిపించే వెలుగు కూడా పెంచుతుంది.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి, ఇది మన ఇంట్లో ఎవరికీ పూర్తిగా తెలియదు. నలభై ఐదేళ్లప్పుడు తెలిసినావిడ ఒక క్రీము ఇచ్చింది. పదిహేను రోజుల్లో ముఖం మెరిసింది. అందరూ ఏం రాస్తున్నావని అడిగారు. నాలుగు నెలలకు చర్మం పల్చబడి ఎర్రగా అయింది, చెంపల మీద సన్నటి వెంట్రుకలు వచ్చాయి, ఎండలోకి వెళ్తే మంట. మానేస్తే ముఖమంతా ఇంకా రేగింది. మామూలు కావడానికి ఏడాదిన్నర పట్టింది. అందులో రంగు తగ్గించే హైడ్రోక్వినోన్, విటమిన్ ఎ రకానికి చెందిన ట్రెటినాయిన్‌తో పాటు గట్టి స్టెరాయిడ్ ఉందని డాక్టరు చూసి చెప్పారు. ఆ కలయికను డాక్టర్లు కూడా కొన్ని వారాలకు రాస్తారు, తర్వాత ఆపించేస్తారు. నాకు ఆపమని చెప్పినవాళ్లు లేరు. అందుకని డబ్బా మీద మొమెటాసోన్, బీటామెథాసోన్, క్లోబెటాసాల్ లాంటి స్టెరాయిడ్ పేర్లుంటే డాక్టరు చెప్పకుండా ముఖానికి రాయకు. అసలు ఏమున్నాయో రాయని డబ్బానైతే ముట్టుకోవద్దు. తెల్లబరిచే కొన్ని క్రీముల్లో పాదరసం కూడా కలుపుతారు, అది కిడ్నీలను దెబ్బతీస్తుంది.

నిమ్మరసం కూడా వద్దు. అది రాసుకుని ఎండలోకి వెళితే చర్మం బొబ్బలెక్కి కొత్త మచ్చలు పడొచ్చు.

నిదానంగా పనిచేసేవి ఉన్నాయి. రాత్రిపూట రాసే ట్రెటినాయిన్ అటు మచ్చలకూ ఇటు సన్న ముడతలకూ పనికొస్తుంది. డాక్టరు ఒప్పుకుంటే 0.025 శాతం లాంటి తక్కువ మోతాదుతో, ముఖమంతటికీ బఠాణీ గింజంత, వారానికి రెండు రాత్రులు మొదలుపెట్టొచ్చు. మొదట్లో పొట్టు రేగుతుంది, భయపడకు. గర్భం కోసం చూస్తున్నా, గర్భంతో ఉన్నా అది వాడకూడదు. చర్మం సున్నితమైతే అజెలాయిక్ యాసిడ్, నియాసినమైడ్ అనే పూత మందులు మెత్తగా పనిచేస్తాయి. ఒకేసారి అన్నీ పూయకు, మంట పుడితే ఆ మంట మానిన చోటే నల్లబడుతుంది. ఫలితానికి మూడు నుంచి ఆరు నెలలు ఆగాలి.

లేజర్ గురించి అడిగావు. ఎండ మచ్చలకు బాగానే పనిచేస్తుంది. కానీ చామనఛాయ చర్మానికి ఆ వేడి వల్లే కొత్త నలుపు రావచ్చు. ముందు ఎక్కడైనా చిన్న చోట చేసి, కొన్ని వారాలు చూసి, అప్పుడు మిగతాది చేయమని అడుగు. మంగు మీదైతే ఇంకా జాగ్రత్త, అది తిరగబెట్టొచ్చు.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం చేయకు. మచ్చ ఒక సగం ఇంకో సగంలా లేకపోయినా, అంచులు చెదిరినా, ఒకే మచ్చలో రెండు మూడు రంగులున్నా, 6 మిల్లీమీటర్లు దాటినా, కొన్నాళ్లలోనే మారుతున్నా, రక్తం వచ్చినా, పుండు మానకపోయినా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లు. అరికాళ్లు, అరచేతులు, గోళ్ల కింద కూడా చూసుకో. మనలా ముదురు రంగు చర్మం ఉన్నవాళ్లకు ప్రమాదకరమైన క్యాన్సర్ మచ్చలు ఎక్కువగా అక్కడే వస్తాయి. అలాంటి అనుమానం ఉన్న మచ్చకు తెల్లబరిచే క్రీము రాస్తే, డాక్టరు చూడాల్సిన గుర్తులు చెరిగిపోతాయి.

నా మచ్చల్లో రెండు ఇప్పటికీ పూర్తిగా పోలేదు, పలచబడ్డాయంతే. నీకూ అన్నీ పోతాయని మాటివ్వలేను. కానీ ఉన్నవి పలచబడి, కొత్తవి తగ్గడం నీ చేతిలో చాలావరకు ఉంది.

నెలకోసారి అదే కిటికీ దగ్గర, అదే వేళకు ఫోటో తీసుకో. రోజూ అద్దంలో చూస్తే మార్పు తెలియదు. ఇప్పుడు ఇంట్లో నువ్వు రాస్తున్న క్రీములన్నీ బయటకు తీసి, డబ్బాల వెనక ఉన్న అక్షరాలు కనబడేలా ఫోటోలు పంపు. ఆదివారం ఫోన్ చేస్తాను, ఏది డాక్టరుకు చూపించాలో, ఏది పారేయాలో ఇద్దరం కలిసి చూద్దాం.

మీ పెద్దమ్మ