రెప్లికా బండితో పల్లెదారి పడుతున్న అల్లుడికి

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

వచ్చే ఆదివారం మీరు నలుగురూ రెప్లికాలు, అంటే పాత స్పోర్ట్స్ కార్లకు నకలుగా కట్టిన బండ్లు, వేసుకుని పల్లెదారులు తిరిగొద్దామనుకుంటున్నారని రాశావు. సంతోషం. హైవే మీద ఈ బండ్లతో గాలీ రొదా తప్ప దక్కేదేమీ లేదు. మలుపులున్న చిన్న దారిలో అరవై మీద పోతున్నా ఆనందంగా ఉంటుంది. కాకపోతే ఒకటి గుర్తుపెట్టుకో. కంపెనీ కారును అమ్మకానికి పెట్టేముందు ఎండలోనూ చలిలోనూ తిప్పి తిప్పి చూస్తారు. నీ పోర్షా స్పీడ్‌స్టర్ నకలుని గానీ, మీవాడి కోబ్రా నకలుని గానీ అలా తిప్పి చూసిన నాథుడు లేడు. ఎవరో షెడ్డులో కూర్చుని, దొరికిన ఇంజనూ తోచిన వైరింగూ పెట్టి, పైన ఫైబర్‌గ్లాస్ బాడీ బిగించారు. ఆకారం 1960ల నాటి కోబ్రాదే అయినా లోపల ఏ రెండూ ఒకలా ఉండవు. కాబట్టి పరీక్షించాల్సింది మీరే. అదీ బయల్దేరే రోజు కాదు, వారం ముందు.

ముందు పెట్రోలు సంగతి. నీ బండి వెనక ఉన్నది ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారు ఇంజనే కదా, నీళ్లతో కాక గాలితో చల్లబడేది. మూత ఎత్తి, కార్బురేటర్‌లోకి పెట్రోలు వెళ్లే చోట చూడు. చిన్న ఇత్తడి గొట్టం ఒకటి ఉంటుంది. దానికి మరలుండవు, ఒత్తి దిగ్గొట్టింది మాత్రమే. వేడికీ అదురుకీ వదులై ఒకరోజు ఊడి చేతికొస్తుంది. నడుస్తుండగా ఊడితే పెట్రోలు వేడి ఇంజన్ మీద, నిప్పురవ్వలు పుట్టే డిస్ట్రిబ్యూటర్ పక్కనే చిమ్ముతుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఆ గొట్టాన్ని వేళ్లతో పట్టుకుని మెలిపెట్టి చూడు. ఏమాత్రం కదిలినా మెకానిక్ చేత సరిచేయించు. ప్లాస్టిక్ ఫిల్టర్ అక్కడే వేలాడుతుంటే తీయించి ట్యాంకు దగ్గర పెట్టించు, దాని బరువు కూడా ఆ గొట్టాన్ని లాగుతూ ఉంటుంది. రబ్బరు పైపును వంచి చూస్తే పగుళ్లు బయటపడతాయి. అలాంటిదాన్ని టేపు చుట్టి నెట్టుకురాకు.

రెండు కిలోల పౌడర్ సిలిండర్ సీట్లో కూర్చుని చెయ్యి చాస్తే అందేలా బిగించుకో. ముందు డిక్కీలో స్టెప్నీ కింద పెడితే లేనట్టే. బీటిల్ ఇంజన్ పెట్టెలు (క్రాంక్‌కేసులు) చాలామటుకు మెగ్నీషియం మిశ్రమంతో పోసినవి. అది అంటుకుంటే నీళ్లు పోసిన కొద్దీ మంట పెరుగుతుంది. పెట్రోలు మంటగా ఉన్నప్పుడే ఆర్పాలి, దాటిపోతే దూరం జరగడమే.

ఇక కరెంటు. రేకు బాడీ అయితే ఎర్త్ దానంతటదే దొరుకుతుంది. ఫైబర్‌గ్లాస్‌లో దొరకదు, ప్రతి లైటుకీ ఛాసిస్ దాకా విడిగా వైరు ఉండాలి. ఆ వైరు చివర చిలుము పట్టిందా, చిత్రాలు మొదలవుతాయి. ఎవరి చేతయినా బ్రేకు తొక్కించి వెనక నిలబడి చూడు. బ్రేకు లైటు సరిగ్గా వెలగకుండా టెయిల్ లైటూ ఇండికేటరూ కలిసి మసకమసగ్గా వెలిగితే, బల్బులు మార్చి లాభం లేదు. ఎర్త్ వైరు విప్పి, అది కూర్చునే ఇనుమును మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్ది బిగించు, పైన కాస్త గ్రీజు రాయి. వెనక వచ్చేవాడికి నీ బ్రేకు లైటే ఆధారం.

టైర్లు అరగలేదని మురిసిపోకు. ఈ బండ్లు తిరిగేదే తక్కువ, టైరు మీది గాడులు కొత్తగానే ఉంటాయి, రబ్బరు మాత్రం రాయవుతుంది. పక్కన నాలుగంకెల గుర్తుంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. ఆరేళ్లు దాటితే అనుమానించు, పదేళ్లు దాటితే పారెయ్యి. గాలి పెద్ద కారుకు పట్టినట్టు పట్టొద్దు. మీలో ఒకరి లోటస్ సెవెన్ నకలు అర టన్నుకు అటూఇటూ ఉంటుంది, 18 నుంచి 20 పీఎస్ఐ చాలు. 32 పట్టిస్తే బంతిలా ఎగురుతుంది.

కోబ్రా చక్రాలకు నడిమధ్య ఒకే పెద్ద నట్టు ఉంటే, ఎడమవైపు మామూలు మరలు, కుడివైపు తిరగేసినవి. తెలియక విప్పబోయి ఇంకా బిగించేవాళ్లే ఎక్కువ. సీసపు సుత్తి లాంటి మెత్తటిదానితోనే కొట్టాలి, తొలి యాభై కిలోమీటర్లయ్యాక ఆగి మళ్లీ బిగించుకోవాలి.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. రెండేళ్లు దాటితే మార్పించండి, లేకపోతే దిగుడు దారిలో మరిగి పెడల్ మెత్తబడుతుంది. తర్వాత ఖాళీ మైదానంలో నలభై వేగంతో వచ్చి గట్టిగా తొక్కండి, ఒకరు దూరంగా పక్కన నిలబడి ఏ చక్రం ముందు పట్టేస్తుందో చూడాలి. వెనకవి ముందు పట్టేస్తే బండి తోక తిప్పుతుంది. అది సరిచేసేదాకా రోడ్డెక్కొద్దు. చక్రాలు పట్టేయకుండా చూసే ఏబీఎస్ మీ బండ్లలో లేదు.

నీ బండి కింద పడుకుని వెనక ఇరుసు చూడు. రబ్బరు బూటు గేర్‌బాక్సు దగ్గర ఒక్కటే ఉంటే స్వింగ్ యాక్సిల్, చక్రం దగ్గర కూడా ఉంటే రెండు జాయింట్లది. స్వింగ్ యాక్సిల్ అయితే మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ వదిలేయకూడదు. వదిలితే వెనక భాగం పైకి లేచి, చక్రం లోపలికి మడతపడి, తోక బయటికి విసురుతుంది. వేగమంతా మలుపుకు ముందే తగ్గించి, మలుపులో యాక్సిలరేటర్ మీద కాలు నిలకడగా ఉంచు. కోబ్రా సమస్య వేరు: పొట్టి బండి, పెద్ద ఇంజను, చల్లటి టైర్లు. మొదటి పది కిలోమీటర్లు మీవాణ్ణి మలుపుల్లో రెండో గేరులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కొద్దను. దిగేటప్పుడు పక్కనున్న సైలెన్సర్ పైపుకు పిక్క తగలకుండా చూసుకోమను. అలా పడే వాతను కోబ్రావాళ్లు పాముకాటు అంటారు.

వేగం ఎంతని అడిగావు. కనిపిస్తున్న దూరంలో ఆగగలిగినంత. ఒక్క కారు మాత్రమే పట్టే దారయితే అందులో సగం, ఎదురొచ్చేవాడికీ ఆగడానికి చోటు కావాలిగా. ఎనభైలో సెకనుకు 22 మీటర్లు పోతావు, కాలు బ్రేకు మీదికి వెళ్లేలోపే ముప్పై మీటర్లు అయిపోతాయి. రోడ్డు మీద తడిమట్టి టైరు అచ్చులు కనబడ్డాయంటే ముందు ట్రాక్టరు ఉన్నట్టే. వాన తర్వాత కంకర మలుపు లోపలి అంచుకే కొట్టుకొచ్చి ఆగుతుంది.

నలుగురూ ఒకరి తోక ఒకరు పట్టుకుని పోనక్కర్లేదు, మూడు సెకన్ల ఎడం ఉంచండి. కొత్తవాడు రెండో స్థానంలో ఉండాలి, ముందువాడు అద్దంలో అతణ్ణి చూసుకుంటూ నడపాలి. తేలికైన సెవెన్ గబుక్కున ఆగుతుంది, డ్రమ్ము బ్రేకులతో నువ్వు దాని వెనక చేరకు. దారి మళ్లే ప్రతిచోటా వెనకవాడు కనబడేదాకా ఆగండి, ఈ ఒక్క నియమం పాటిస్తే ఎవరూ తప్పిపోరు, అందుకోవాలని ఎవరూ తొందరపడరు. ముందువాడు ట్రాక్టరును దాటాడని నువ్వూ దాటకు. అతనికి ఖాళీ అయిన రోడ్డు నీ వంతు వచ్చేసరికి ఖాళీగా ఉంటుందని ఏముంది? ఇళ్ల మధ్య పై గేరులో మెల్లగా పోండి.

పెట్రోలు ముల్లును నమ్మకు, లోతులేని ట్యాంకులో మలుపు మలుపుకీ ఊగుతుంది. అందరికంటే చిన్న ట్యాంకున్న బండిని బట్టి అందరూ ఆగి పోయించుకోండి. సామాను కోబ్రాలో పెట్టండి, సెవెన్‌లో చోటుండదు.

నీ ఇంజన్ వాల్వులు సరిచూసి ఎన్నాళ్లయిందో రాయలేదు. వాల్వులను కదిపే కడ్డీలు (పుష్‌రాడ్లు) మామూలువే అయితే 0.15 మిల్లీమీటర్ల సందు ఉండాలి, అదీ రాత్రంతా చల్లారిన ఇంజన్‌కే కొలవాలి. శనివారం పొద్దున్నే వస్తాను, ఈలోగా స్టార్ట్ చేసి పెట్టకు.

మీ మావయ్య