విండోస్ 11 సరే, ముందు మీ పని దేనిమీద నడుస్తోంది?

నాలుగో తరం ఐ3 కంప్యూటర్‌లో విండోస్ 10 బాగానే నడుస్తోంది, 11కి మారితే లాభమా అని అడిగారు. మీ సిస్టమ్‌కి 11 పద్ధతి ప్రకారం ఎక్కదు. ఇంటెల్ అయితే ఎనిమిదో తరం లేదా ఆపైది, దానికితోడు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి. అడ్డదారిలో ఎక్కించి ఇస్తామనేవాళ్ళు ఉంటారు. వాళ్ళ జోలికి పోకండి.

నాకు విశాఖ అక్కయ్యపాలెంలో డీటీపీ షాపు ఉంది, అంటే కంప్యూటర్‌లో టైపు, డిజైన్ చేసి ప్రెస్‌కి పంపే పని. శుభలేఖలు, కరపత్రాలు, పెద్దకర్మ కార్డులు, ఇదే మా బతుకు. 2020 జనవరి 14తో విండోస్ 7కి సపోర్ట్ ఆగిపోయిందని ఎక్కడో చదివిన మా తమ్ముడు, సరిగ్గా మాఘమాసం పెళ్ళిళ్ళ హడావుడిలో, నేను ఊళ్ళో లేనప్పుడు మెకానిక్‌ని పిలిచి, పాత హార్డ్‌డిస్క్ బదులు బాగా వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ పెట్టించి విండోస్ 10 వేయించేశాడు. వచ్చి చూస్తే బటన్ నొక్కగానే లేస్తోంది. వాడి మొహంలో గర్వం చూడాలి.

అంతలో భీమిలి నుంచి ఒక పెద్దాయన కూతురి పెళ్ళికార్డు ప్రూఫ్ చూసుకోడానికి వచ్చారు. ఫైల్ తెరిచాను. కార్డులు డిజైన్ చేసే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ వచ్చింది గానీ, మా పాత తెలుగు ఫాంట్ల లాక్‌ని (కొన్నవాళ్ళకే ఫాంట్లు పనిచేసేలా పెట్టే తాళం) కొత్త సిస్టమ్ గుర్తుపట్టలేదు. పెళ్ళికూతురి పేరు ఉండాల్సిన చోట డాలర్ గుర్తులు, బ్రాకెట్లు, నెత్తిన చుక్కలున్న ఇంగ్లీషు అక్షరాలు. ఆయన కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. "ఏటి బాబూ, మా అమ్మాయి పేరేటి ఇలగైపోనాది?" అన్నారు. మా తమ్ముడు టీ తెస్తానని జారుకున్నాడు. అదృష్టం, పాత హార్డ్‌డిస్క్ సొరుగులోనే ఉంది. అది మళ్ళీ తగిలించాకే కార్డు ప్రెస్‌కి వెళ్ళింది.

ఆ ఎస్ఎస్‌డీ మాత్రం బంగారం. కొత్త విండోస్ వల్ల స్పీడొచ్చిందని చెప్పుకునేవాళ్ళలో చాలామందికి వచ్చింది ఎస్ఎస్‌డీ స్పీడే, రాసిస్తాను.

అలాగని పాతదాంతో నెట్‌లో తిరగమనను. 2017 మేలో వానాక్రై వైరస్ వస్తే మన రాష్ట్ర పోలీసుల కంప్యూటర్లే చిక్కుకున్నాయి. దాన్ని ఆపే అప్‌డేట్ మార్చిలోనే వచ్చింది, వేసుకోనివాళ్ళు దొరికిపోయారు. అందుకే మా పాత సిస్టమ్‌కి నెట్ వైరే లేదు. మీ విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. ఇంట్లో వాడేవాళ్ళు నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. ఆ తర్వాత బ్యాంకు పనులు దాంట్లో చెయ్యొద్దు. ఉత్తరాలు, బ్రౌజింగే అయితే విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఓఎస్ వేసుకోండి, ఉచితం. 11 కావాలంటే కొత్త మిషన్ కొన్నప్పుడు అదే వస్తుంది.

అసలు మారాల్సింది మా డీటీపీ వాళ్ళ బుద్ధి. విండోస్ ఎక్స్‌పీలోనే గౌతమి ఫాంట్‌తో యూనికోడ్ తెలుగు, అంటే ఏ కంప్యూటర్‌లోనైనా, ఫోన్‌లోనైనా చదవగలిగే తెలుగు, వచ్చింది. 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7 తర్వాత ఆ సాఫ్ట్‌వేర్ ఎదుగుదలే ఆగిపోయింది, దానికి యూనికోడ్ తెలీదు. కస్టమర్ వాట్సాప్‌లో శుభ్రంగా తెలుగులో పంపిన మ్యాటర్‌ని మేం మళ్ళీ టైపు కొట్టి, కొత్త తప్పులు చేర్చి, ప్రూఫ్ చూసుకోమంటాం. యూనికోడ్‌లో అందమైన ఫాంట్లు లేవంటారు. రామరాజ, మండలి, పొన్నాల ఉచితంగానే దొరుకుతున్నాయి, చూస్తే కదా! కొత్త పనులన్నీ నేను యూనికోడ్ తెలిసిన ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లోనే చేస్తున్నాను.

మీరు బీచ్ రోడ్డు వైపు ఉంటే ఇంకోమాట. ఉప్పుగాలికి ర్యామ్ (మెమరీ కార్డు) కాళ్ళు, అంటే స్లాట్‌లో దూరే బంగారు రంగు గీతలు, మసకబారతాయి. సిస్టమ్ మాటిమాటికీ ఆగిపోతుంటే ఓఎస్‌ని అనుమానించకుండా, కరెంటు తీసేసి, ర్యామ్ ఊడదీసి, ఆ గీతల్ని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడిచి పెట్టి చూడండి.