ఉంగరం తీసి పో, శైలూ

అనంతపురం,
ఆదివారం మధ్యాహ్నం.

చి. శైలూకు అత్త ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ నాయన ఫోన్ చేసినాడు. "సెప్టెంబరులో గలాపగోస్ దీవులకు పోతుందంట, తెరచాప ఓడంట, 16 మందే ఎక్కుతారంట, ఎనిమిది రోజులు నీళ్ళ మీదేనంట. నువ్వన్నా వద్దని చెప్పక్కా" అన్నాడు. నేను వద్దని చెప్పను. తోట బావిలో నడుముకు బెండ్లు కట్టుకుని ఈత నేర్చుకున్న పిల్ల పసిఫిక్ సముద్రంలో దిగుతానంటే నేనెందుకు వద్దంటాను? కానీ రాత్రి రెండు దాకా నిద్ర పట్టలేదు. ఆ దీవుల చుట్టూ చిన్న ఓడల్లో రెండుసార్లు తిరిగినదాన్ని కాబట్టి దేనికి బయపడాలో, దేనికి అక్కర్లేదో నాకు తెలుసు. అది రాసి పెడుతున్నాను. ఒకటికి రెండుసార్లు చదువుకో.

మామూలు సంగతులు ముందు. పాస్‌పోర్టు, వీసా సంగతి ఇప్పుడే చూసుకో. ఇన్సూరెన్సులో రోగిని దీవి నుంచి విమానంలో తరలించే ఖర్చు కూడా ఉండాలి. ఆ దీవులు ఈక్వడార్ దేశానివి, అక్కడ 2000 నుంచి అమెరికా డాలరే చెల్లుతుంది. చిన్న నోట్లు తీసుకుపో. ఆ దీవుల నేషనల్ పార్కు రుసుము విదేశీ పెద్దవాళ్ళకు 2024 ఆగస్టు 1 నుంచి 200 డాలర్లు అయింది, అది నోట్లుగా చేతిలో పెట్టుకో. దీవుల విమానం ఎక్కే క్వీటో నగరానికో గుయాకిల్ నగరానికో ఓడ ఎక్కే రోజుకు ఒకరోజు ముందే చేరుకో. ఆ దేశపు తీరం నుంచి దీవులు దాదాపు 1,000 కిలోమీటర్లు, విమానం తప్పితే ఓడ నీకోసం ఆగదు. దీవుల టైము మనకంటే పదకొండున్నర గంటలు వెనక, కాబట్టి మీ అమ్మకు ఏ వేళ ఫోన్ చేయాలో లెక్క వేసుకో. ఓడలో సిగ్నల్ దొరకదని ఇప్పుడే చెప్పి పెట్టు, లేకపోతే ఎనిమిది రోజులు ఆమె అన్నం ముట్టదు.

ఎల్లో ఫీవర్ సూది సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. ఇది అక్కడి రోగం భయంతో చెప్పడం లేదు, తిరుగు ప్రయాణం గురించి చెబుతున్నాను. ఆ జబ్బు ఉన్న దేశాల జాబితాలో ఈక్వడార్ ఉంది. అక్కడి నుంచి బయలుదేరిన ఆరు రోజుల్లోపల సర్టిఫికెట్ లేకుండా మన విమానాశ్రయంలో దిగితే, ఆ ఆరు రోజులు నిండే దాకా క్వారంటైన్‌లో పెడతారు. సూది వేయించుకున్న పది రోజుల తర్వాతే ఆ సర్టిఫికెట్ చెల్లుతుంది, ఆ తర్వాత జీవితాంతం పనికొస్తుంది. ప్రతి ఆసుపత్రిలో వేయరు, ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు. అక్కడ రోజులు, టైములు ఉంటాయి. బెంగళూరులో ఉన్నావు కదా, ఈ వారమే కనుక్కో. గుడ్డు పడనివాళ్ళు ముందే డాక్టరుకు చెప్పాలి.

ఇంక సామాను. గట్టి సూట్‌కేసు వద్దు. ఓడ గదిలో రెండు బంకులు, వాటి నడుమ నువ్వొక్కదానివి నిలబడే చోటు, అంతే. మడిచి బంకు కింద తోసేసే బట్ట సంచే కావాలి. భూమధ్యరేఖ మీద దీవులు కదా, మండిపోతుందనుకుంటారు మనవాళ్ళు. సెప్టెంబరులో దక్షిణం నుంచి వచ్చే హంబోల్ట్ చల్లని ప్రవాహం వల్ల నీళ్ళు 20 డిగ్రీల చుట్టుపక్కల ఉంటాయి, పైన గరూవా అని సన్నటి మంచు తుంపర. పెంగ్విన్లు అక్కడ బతుకుతున్నది ఆ చల్లదనంతోనే. ఒక స్వెటరు, గాలి ఆపే జాకెట్టు, నీళ్ళలో వేసుకునే పూర్తి చేతుల చొక్కా, తాడున్న టోపీ పెట్టుకో. వెట్‌సూట్ ఓడవాళ్ళు ఇస్తారా, అద్దెకా, నీ కొలత ఉందా అని ముందే అడుగు. కరెంటు 110 వోల్టులు, అమెరికా ప్లగ్గు. ఫోన్ చార్జర్ పనిచేస్తుంది, మన హెయిర్ డ్రయ్యర్ పనిచేయదు.

మీ అమ్మ సంచిలో ఏమేం పెడుతుందో నాకు తెలుసు. పచ్చి చెనిక్కాయలు, చింతపండు, ఉలవలు, మామిడికాయలు ఒక్కటీ పోవు. విమానం ఎక్కేముందే సంచి తెరిచి చూసి సీలు వేస్తారు, దీవిలో దిగినాక మళ్ళీ చూస్తారు. విత్తనం ఒక్కటి మొలిచినా అక్కడి చెట్లకు చేటని వాళ్ళ బాధ. నీ బూట్ల అడుగు కూడా పాత బ్రష్షుతో కడిగి ఆరబెట్టు. మన ఎర్రమట్టిలో పల్లేరు కాయ ఎక్కడ ఇరుక్కుని ఉంటుందో కంటికి కనపడదు.

పల్లేరు అన్నాను కదా, ఇది చెప్పకుండా ఉండలేను. పల్లేరుకు దగ్గరి చుట్టం అక్కడా ఉంది. డాఫ్నే అనే చిన్న దీవిలో పీటర్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు 1973 నుంచి ఫించ్ అనే పిచ్చుకల్లాంటి పక్షులను కొలుస్తూ వచ్చినారు. 1977లో వాన పడలేదు. మెత్తటి గింజలన్నీ అయిపోయినాక మిగిలింది ఆ ముళ్ళ కాయలే. వాటిని పగలగొట్టగలిగిన లావు ముక్కు పిచ్చుకలు ఎక్కువ బతికినాయి, సన్న ముక్కువి శానా చచ్చిపోయినాయి. వాటి పిల్లలకు కూడా ముక్కు లావే వచ్చింది. ముప్పై ఏండ్లు క్లాసులో ఈ పాఠం చెప్పినాను. కరువు సంగతి మన పిల్లలకు వివరించే పని లేదు, పల్లేరు కాయ పేరు ఎత్తగానే వెనక బెంచీ వాళ్ళు కూడా తల ఎత్తేవాళ్ళు.

ఇంక వాంతుల సంగతి. తిరుమల ఘాట్ రోడ్డులో కవర్ చేతికిస్తే తప్ప కూర్చునేదానివి కావు, కాబట్టి ఓడలో నీకు తిరుగుతుంది, సందేహం లేదు. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా అక్కడ సముద్రం ఏడాదిలో అన్నింటికన్నా గట్టిగా ఉంటుంది. అవోమిన్ లాంటి మాత్ర ఏది నీకు సరిపోతుందో డాక్టరును అడిగి, ఇక్కడే ఒక ఆదివారం వేసుకుని ఎంత మత్తు వస్తుందో చూసుకో. అక్కడ మొదటి రాత్రి ఓడ కదలకముందే, పడుకునేటప్పుడే వేసుకో. తిరగడం మొదలైనాక వేసుకుంటే ఉపయోగం శానా తక్కువ, ఎందుకంటే అప్పటికే కడుపు కింది పేగుకు ఏదీ పంపడం మానేసి ఉంటుంది, మాత్ర అక్కడే కూర్చుంటుంది. ఖాళీ కడుపుతో ఉండకు. గదిలో పడుకుని ఫోన్ చూడకు. ఓడ నడిమధ్యలో నిలబడి దూరంగా నీళ్ళూ ఆకాశమూ కలిసే చోటు చూడు.

గది ఎంచుకునే వీలుంటే నడిమధ్యన, కింది అంతస్తులోది అడుగు. ఊపు అక్కడే తక్కువ. ముందు కొసన ఉన్న గదిలో తెల్లవారుజామున లంగరు గొలుసు దిగే మోతకు గుండె జారుతుంది. ఇంజన్ పక్కదైతే డీజిల్ వాసన. తెరచాప ఓడ అన్నారని ఎనిమిది రోజులూ గాలితోనే పోతుందనుకోకు. పార్కువాళ్ళు ఏ దీవికి ఎప్పుడు పోవాలో ముందే రాసిస్తారు, ఉదయం ఆరుకు అక్కడ ఉండాలి, గాలి చూస్తే ఎదురుగా ఉంటుంది. అందుకని రాత్రిళ్ళు ఇంజన్ మీదే పోతారు. చాప ఎత్తినప్పుడు మాత్రం చూడు శైలూ, ఊగడం తగ్గి ఓడ ఒక పక్కకు ఒరిగి నిలకడగా పోతుంది, ఆ చప్పుడే వేరు. అప్పుడు చాప అడుగున ఉండే అడ్డదూలం, బూమ్ అంటారు, దాని దారిలో తల పెట్టకు. తాడు చుట్టల్లో కాలు పెట్టకు, తాడు చేతికి చుట్టుకోకు.

ఇప్పుడు అసలు సంగతి. నీకు నా ఎడమ చేయి ఉంగరం వేలు తెలుసు కదా, చిన్నప్పుడు పట్టుకుని "ఇది ఎందుకత్తా వంగదు" అని అడిగేదానివి. తలుపులో పడిందని చెప్పినాను. అది అబద్ధం.

ఓడ దీవి ఒడ్డుకు పోదు, లోతుల్లో లంగరు వేసి ఆగుతుంది. అక్కడి నుంచి పంగా అనే రబ్బరు పడవలో దిగి పోతారు. రోజుకు మూడు నాలుగు సార్లు ఎక్కాలి, దిగాలి. ఓడ ఒక లెక్కన ఊగుతుంది, పంగా ఇంకో లెక్కన ఎగురుతుంది. ఇప్పుడు మెట్టుకు సమానంగా ఉన్న పంగా రెండు క్షణాల్లో నీ నడుమంత కిందికి పోతుంది. నేను కుడి చేతిలో కెమెరా సంచి పట్టుకుని, ఎడమ చేత్తో నిచ్చెన కమ్మీ పట్టుకుని ఓడ ఎక్కబోయినాను. కమ్మీని బిగించిన బోల్టు కొసకు ఉంగరం తగులుకుంది. పంగా కిందికి జారింది. నా బరువంతా ఒక్క వేలి మీద పడింది. అంతే. ముందు రాత్రే గైడు ఉంగరాలు, గాజులు తీసేయమని చెప్పినాడు. మా అమ్మ తిరుపతిలో కొనిచ్చిన పగడపు ఉంగరం, తీస్తే మంచిది కాదని నేనే తీయలేదు. వేలు వాచిపోతే తర్వాత ఒడ్డున ఆసుపత్రిలో దాన్ని కోసి తీసినారు. తప్పు ఎవరిదీ కాదు, నాదే.

కాబట్టి ఇట్ల చేయి. లైఫ్ జాకెట్ బకిల్ పెట్టుకున్నాకే గది దాటు. సంచి నీ చేతిలో ఉండకూడదు. వీపుకన్నా తగిలించుకో, లేదా ముందు పనివాడికి అందించు. వరుసలో నిలబడి ఐదారు అలలు ఊరికే చూడు. పంగా పైకి వచ్చి, కిందికి పోయేముందు కన్ను మూసి తెరిచేంత సేపు ఆగుతుంది. అడుగు వేయాల్సింది అప్పుడే. పనివాడు చేయి చాపుతాడు. అరచేతిలో అరచేయి పెట్టకు, తడికి జారిపోతుంది. నువ్వు అతని మణికట్టు పైన పట్టుకో, అతను నీ మణికట్టు పైన పట్టుకుంటాడు. అట్ల పట్టుకుంటే ఒకరి పట్టు వదులైనా ఇంకొకరిది నిలుస్తుంది. ఒక కాలు పంగా అంచు మీద, రెండోది లోపలి నేల మీద, వెంటనే కూర్చో. ఎగిరి దూకకు. పంగా ఓడకు గుద్దుకోబోతుంటే చేత్తోనో కాలితోనో ఆపబోకు, ఆ సందులో నీ వేళ్ళు ఏమవుతాయో ఊహించుకో. అల తప్పిపోతే "ఆగండి" అని గట్టిగా చెప్పు. ఎవరూ నవ్వరు, నవ్వినా నీకేం పోదు.

ఇసుక ఒడ్డున నీళ్ళలోనే దిగాల్సి వస్తుంది. అంచు మీద కూర్చుని కాళ్ళు బయటికి తిప్పి, అల వెనక్కి పోయినప్పుడు దిగు. పంగాకూ ఒడ్డుకూ నడుమ నిలబడకు, వెనక అల వచ్చి దాన్ని మోకాళ్ళ మీదికి తోస్తుంది.

రాత్రి ఓడ పోతున్నప్పుడు ఒంటరిగా అంచుకు పోవద్దు. వాంతి వస్తే గదిలో బకెట్‌లో చేసుకో, కడుక్కోవచ్చు. ఇది నా మీద ఒట్టు. మెట్లు దిగేటప్పుడు మొహం మెట్ల వైపు పెట్టి వెనక్కి దిగు.

బావి ఈత, సముద్రపు ఈత ఒకటి కాదు. బావిలో నాలుగు బారలకు గోడ దొరుకుతుంది. అక్కడ ప్రవాహం లాగితే ఎదురు ఈదకు, తేలుతూ ఒక చేయి పైకెత్తు, పంగా వెంటే ఉంటుంది. తేలే జాకెట్ అడిగి వేసుకో. పోయేలోపల బెంగళూరులో ఏదైనా కొలనులో మాస్కు, ఊపిరి గొట్టం పెట్టుకుని నాలుగైదు సార్లు సాధన చేయి. మాస్కు కింద వెంట్రుక ఒక్కటి ఇరుక్కున్నా నీళ్ళు కారుతాయి, జడ గట్టిగా వేసుకో.

జంతువులు నీ కాళ్ళ దగ్గరికే వస్తాయి, మనిషంటే వాటికి బయం లేదు. రెండు మీటర్ల దూరం నిబంధన. అవి వస్తే నువ్వే వెనక్కి జరుగు. సీలయన్ అనే సముద్ర జంతువు పిల్లను తాకవద్దు, తల్లి దాన్ని అరుపుతోనూ వాసనతోనూ గుర్తుపడుతుంది. ఫ్లాష్ వద్దు. మీ ఓడ ఎస్పన్యోలా దీవికి పోతుందేమో చూడు. గలాపగోస్ జాతి అల్బట్రాస్ పక్షులు దాదాపు అన్నీ ఆ ఒక్క దీవిలోనే పిల్లల్ని పెడతాయి. రెక్కలు చాపితే రెండు మీటర్లు దాటుతుంది, నేల మీద నడిస్తే మాత్రం ముసలమ్మలా తూలుతూ నడుస్తుంది. రాళ్ళ దారిలో అట్లనే కొండ అంచు దాకా పోయి, గాలిలోకి ఒరుగుతుంది. సెప్టెంబరులో గోధుమ రంగు నూగుతో పిల్లలు పొదల కింద కూర్చుని ఉంటాయి. అక్కడ కెమెరా పక్కన పెట్టి రొంతసేపు ఊరికే కూర్చో. నాకు ఆ భాగ్యం రెండోసారి పోయినప్పుడు దొరికింది. మొదటిసారి వేలికి కట్టు వేసుకుని ఓడలోనే ఉండిపోయినాను.

నా బట్ట సంచికి కొత్త జిప్పు వేయించి పెట్టినాను, వచ్చే వారం మీ నాయన వచ్చినప్పుడు ఇచ్చి పంపుతాను. సూది వేయించుకున్న రోజు సాయంత్రం ఫోన్ చేయి. నిశ్చితార్థం ఉంగరం సంచిలో దాచుకుని కూడా తీసుకుపోవద్దు, మీ అమ్మ చేతికిచ్చి పో.

ఇట్లు,
మీ అత్త