పట్టీ ఎక్కడ పుట్టాలి? శాండల్స్ కుట్టేవాళ్ల ప్రశ్నలకు జవాబులు

పట్టీల బిగింపు మార్చుకుంటూ ఒకే శాండల్‌ను పలు రకాలుగా తొడుక్కునే డిజైన్ల గురించి వచ్చిన ప్రశ్నల్లోంచి కొన్నిటికి ఇక్కడ జవాబులిస్తున్నాం. కొలతలన్నీ పెద్దవాళ్ల పాదానికి.

ప్రశ్న: ఒకే జతను మూడు రకాలుగా వాడుకునేలా చేయాలనుకుంటున్నాను. నడకకు మడమ వెనక పట్టీతో, ఇంటి దగ్గర స్లిప్పర్లలా, బయటికి వెళ్లేటప్పుడు చీలమండకు చుట్టి. ఒక్కో పద్ధతికి ఒక్కో పట్టీ పెట్టుకుంటూ పోతే చెప్పు నిండా బకిల్సే కనిపిస్తున్నాయండీ. ఎలా తగ్గించాలి?

జవాబు: బకిల్స్ సంగతి తర్వాత చూద్దాం. ముందు పట్టీలు అట్టలోంచి, అంటే పాదం కింద ఉండే చెప్పు అడుగు భాగంలోంచి, బయటికి వచ్చే చోట్లు తేల్చుకోండి. అవి కుదిరితే మూడు పట్టీలు, రెండు బకిల్స్, ఒక విడి ముక్కతో మీరడిగిన మూడు పద్ధతులూ వస్తాయి. అవి కుదరకపోతే ఎన్ని పట్టీలు పెట్టినా పాదం నిలవదు.

పాదాన్ని అట్ట మీద పట్టి ఉంచేది మీగాలి మీది పట్టీ. మడమ పట్టీ పని చాలా చిన్నది. అడుగు ఎత్తినప్పుడు అట్ట వెనకభాగం కిందికి వేలాడకుండా చూస్తుంది, అంతే. అందుకే ఏ పద్ధతిలో తొడిగినా మీగాలికి అడ్డంగా ఒక పట్టీ ఉండి తీరాలి. మీరు గీసుకున్న బొమ్మల్లో ఏదైనా ఒకదానిలో అది లేకపోతే, ఎంత అందంగా ఉన్నా ఆ బొమ్మను పక్కన పెట్టేయండి.

ఇక చోట్లు. సాయంత్రం పూట, పాదం కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, నిలబడి కాగితం మీద పాదం చుట్టూ గీయించుకోండి. కూర్చుని గీస్తే పొడవు, వెడల్పు రెండూ తక్కువగా వస్తాయి. పెన్సిలు నిటారుగా ఉండాలి. లోపలికి వాలిందంటే అట్ట ఇరుకైపోతుంది. ఆ గీత మీద నాలుగు గుర్తులు పెట్టండి. బొటనవేలి మొదటి కీలు దగ్గర పక్కకు పొడుచుకొచ్చిన ఎముక వెనక అంచు ఒకటి, చిటికెనవేలి వైపు అలాంటి ఎముక వెనక అంచు రెండోది, లోపలి చీలమండ ముందు అంచు మూడోది, బయటి చీలమండ ముందు అంచు నాలుగోది. మొదటి రెండూ ముందు పట్టీకి, తర్వాతి రెండూ మీగాలి పట్టీకీ మడమ పట్టీకీ.

ఏ జతకు ఆ జత గుర్తులు కలిపి చూడండి. రెండు గీతలూ ఏటవాలుగానే వస్తాయి, అదీ ఒకే వైపుకు. చిటికెనవేలి కీలు బొటనవేలి కీలు కంటే వెనకగా ఉంటుంది. లోపలి చీలమండ బయటిదాని కంటే ముందుగా ఉంటుంది. కొత్తగా డిజైన్ చేసేవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. స్కేలు పెట్టి తిన్నగా అడ్డగీత గీసి, దాని మీదే రెండు వైపులా చీలికలు కోసేస్తారు. అప్పుడు పట్టీ వెడల్పంతా సమానంగా లాగదు, ఒక అంచు మీదే బరువు పడుతుంది. ఆ అంచు చర్మాన్ని ఒరుసుకుని కందిపోయేలా చేస్తుంది. ఎంత మెత్తటి పట్టీ వేసినా ఆ బాధ పోదు.

వెనక గుర్తుల దగ్గర అట్టలోంచి పొట్టి నవారు మడత బయటికి తీసి, దానికి 20 మి.మీ. డి రింగు తొడగండి. రింగు మధ్యభాగం అట్ట పైతలం నుంచి సుమారు 20 మి.మీ. ఎత్తులో ఉంటే చీలమండ ఎముకకు తగలదు. రింగు వెనక, చర్మం వైపు, 2 మి.మీ. మందం ఉన్న మెత్తటి తోలు ముక్క వేయండి. అతుకు పెట్టని రింగులు కొనవద్దు, లాగుడుకు ఆ సందు తెరుచుకుని పట్టీ జారిపోతుంది.

మీగాలి పట్టీ ఈ రెండు రింగుల మధ్య పాదం మీదుగా పోతుంది, దానికో బకిల్. మడమ పట్టీ కూడా ఈ రింగులకే, రెండో బకిల్ దానికి. రింగులో కుట్టు మడత స్వేచ్ఛగా తిరగాలి. వెనక్కి తిప్పితే నడక చెప్పు, ముందుకు తిప్పి మీగాలి పట్టీ మీద పరిస్తే స్లిప్పరు. మడమ కింద మడిచి పెట్టే డిజైన్లు చేయకండి, ఆ మడత అరికాలికి గుచ్చుకుంటుంది, పట్టీ కూడా నలిగి పోగులు లేస్తుంది. మూడో పద్ధతికి మడమ పట్టీ మధ్యలో, వెనక వైపు, ఒక చిన్న లూపు కుట్టండి. దానిలోంచి విడి ముక్క దూర్చి చీలమండ పైన ముందు వైపు బిగించాలి. ఆ ముక్క పొడవు చీలమండ పైన చుట్టుకొలతకు 10 సెం.మీ. ఎక్కువ, ముడి వేసేదైతే 25 సెం.మీ. ఎక్కువ.

మడమ పట్టీ పొడవు మాత్రం అంచనాగా వేయకండి. ఒక రింగు నుంచి మడమ చుట్టూ రెండో రింగుకు, మళ్లీ ఒక రింగు నుంచి మీగాలి మీదుగా రెండో రింగుకు, టేపుతో రెండు దారులూ కొలవండి. మొదటిది 24 సెం.మీ., రెండోది 20 సెం.మీ. వచ్చాయనుకుందాం. తేడా 4 సెం.మీ. రోజులో పాదం ఉబ్బడానికి 2, మేజోళ్లతో తొడిగితే 1. మొత్తం 7 సెం.మీ. మేర సర్దుకోగలగాలి. చేత్తో పట్టుకుని లాగడానికి ఇంకో 4 సెం.మీ. కొస కలపండి.

ఇదంతా మంచి సరుకు మీద మొదలుపెట్టకుండా అట్టపెట్టె ముక్క మీద చీలికలు కోసి, నాడా గుడ్డ దూర్చి, కింద టేపు అంటించి నాలుగడుగులు వేసి చూడండి. చీలిక 5 మి.మీ. జరిపితే ఎంత తేడా వస్తుందో అప్పుడే తెలుస్తుంది.

ప్రశ్న: వెనక పట్టీ ఎంత బిగిస్తే వేళ్లు అంతగా అట్ట దాటి ముందుకు వచ్చేస్తున్నాయి. అట్ట పొడవు పెంచాలా?

జవాబు: వద్దు. మడమ పట్టీ బిగించినకొద్దీ అది పాదాన్ని ముందుకే నెడుతుంది. ముందు మీగాలి పట్టీని, మడమ అట్ట వెనక అంచుకు దగ్గరగా ఉండగా, బిగించండి. ఆ తర్వాత మడమ పట్టీని చిటికెనవేలు దూరేంత వదులుగా ఉంచండి. అయినా జారుతుంటే అట్ట పైతలం మరీ నున్నగా ఉందన్నమాట. గరుకు వైపు పైకి ఉండేలా తోలు వేసినా, మడమ కింద 5 మి.మీ. లోతు గుంట ఇచ్చినా ఆగుతుంది. వేళ్ల ముందు 6 నుంచి 8 మి.మీ., మడమ వెనక 5 మి.మీ. అట్ట మిగిలితే పొడవు చాలు.

ప్రశ్న: ఒకటే పొడవాటి నవారు అట్టలోంచి అటూ ఇటూ దూరి, ఒక్క బకిల్ లాగితే అన్ని చోట్లా బిగిసేలా చేశాను. కొత్తలో బాగానే ఉంది. తర్వాత పట్టీ కదలడం మానేసింది, గట్టిగా లాగితే అట్ట పొరలు విడిపోయాయి. లోపం ఎక్కడ?

జవాబు: మూడు చోట్ల ఉండే వీలుంది, మీ చెప్పు విప్పి చూస్తే ఏదో తెలిసిపోతుంది.

మొదటిది, గాడి. పొరల మధ్య పట్టీ పోయే దారిని మధ్య పొరలో గాడిగా కోయాలి. వెడల్పు పట్టీ కంటే 2 మి.మీ. ఎక్కువ, లోతు పట్టీ మందం కంటే అర మిల్లీమీటరు ఎక్కువ. గాడి లేకుండా పొరల మధ్య పట్టీ పెట్టి అంటిస్తే ఆ ఉబ్బు దగ్గర జిగురు పొరలు ఒకదానికొకటి ఆనవు. అక్కడ మొదలైన చీలిక అంచు దాకా పాకుతుంది.

రెండోది, గాడిలోకి పారిన జిగురు. అంటించే ముందు గాడి మీద, దాని అంచులు దాటి రెండు వైపులా 3 మి.మీ. చొప్పున, మాస్కింగ్ టేపు వేసి జిగురు రాయండి. ఆరాక టేపు తీసి గాడిలో కాస్త టాల్కమ్ పౌడరు చల్లండి. అట్ట ఈవీఏ ఫోమ్ (చెప్పులకు వాడే తేలికపాటి స్పంజి లాంటి సరుకు) అయితే 60 లేదా 80 నంబరు ఉప్పుకాగితంతో మెరుపు పోయేదాకా రుద్ది దుమ్ము తుడవాలి. మొదటి పూత జిగురును ఫోమ్ పీల్చేసుకుంటుంది, కాబట్టి రెండో పూత తప్పదు. రెండు ముఖాలకూ రాసి, వేలి కణుపు ఆనిస్తే అంటుకోనంతగా, అంటే 10 నుంచి 15 నిమిషాలు ఆరనిచ్చి, అప్పుడు కలిపి మధ్య నుంచి అంచులకు సుత్తితో కొట్టండి. తడి మీదే కలిపితే లోపలి ద్రావకం బయటికి పోలేక జిగురు మెత్తగానే ఉండిపోతుంది. ఒక రోజు గడిచాకే తొడగండి. కిటికీలు తెరిచి ఉన్న గదిలోనే ఈ పని చేయాలి.

మూడోది, మలుపులు. పట్టీ అట్ట అంచున వంగిన ప్రతి చోటా రాపిడికి లాగుడు బలంలో కొంత పోతుంది. నాలుగైదు మలుపులు దాటేసరికి అవతలి కొసకు చేరేది కొంచెమే. దీనికి తోడు ఇసుక గాడిలోకి చేరిందంటే పట్టీ కదలదు, కదిలినప్పుడల్లా అరుగుతుంది. ఒక్క బకిల్‌తో అంతా బిగియాలన్న పట్టుదల వదిలి రెండు బకిల్స్ పెట్టండి. మీగాలికి ఒకటి, మడమకు ఒకటి. చీలికలను నిటారుగా కాక పట్టీ వెళ్లే దిక్కుకు వాల్చి కోయండి. కోత రెండు కొసల్లోనూ ముందుగా 3 మి.మీ. గుండ్రటి బెజ్జం పొడిస్తే ఫోమ్ అక్కడి నుంచి చిరగదు. చీలికకూ అట్ట అంచుకూ మధ్య కనీసం 8 మి.మీ. ఉండాలి.

ప్రశ్న: నవారులో నైలాన్ మంచిదా, పాలిస్టరా? కొన్ని పట్టీలు బకిల్‌లో జారిపోతున్నాయి కూడా.

జవాబు: తడిలో వాడే చెప్పుకు పాలిస్టర్. నైలాన్ మామూలు గాలిలోని తేమనే తన బరువులో సుమారు 4 శాతం దాకా పీల్చుకుంటుంది, తడిస్తే సాగుతుంది. పాలిస్టర్ పీల్చేది 0.4 శాతమే. నడుస్తుంటే పట్టీ వదులవుతోందని ఫిర్యాదు వస్తే ముందు చూడవలసింది ఇదే. పొడిలో వాడే చెప్పుకు నైలాన్ చర్మానికి మెత్తగా ఉంటుంది. పాలీప్రొపిలీన్ నవారు అంచులు గరుకు, ఎండకు త్వరగా పెళుసెక్కుతుంది, పాదానికి వేయకండి.

జారడానికి కారణం చాలాసార్లు బకిల్ తిరగబడి ఉండటమే. స్కూలు సంచి పట్టీకి ఉండే లాడర్ లాక్ బకిల్‌లో లాగే కొస పైవైపున ఉండాలి, లోపలి పళ్ల కడ్డీ దానిని నొక్కాలి. కొస కింద నుంచి వస్తే పళ్లు పట్టవు. సరిగ్గా ఎక్కించినా జారుతుంటే నవారు పలచన. 1.5 మి.మీ. మందం ఉన్నది వేసి చూడండి. లాగే కొస ఎప్పుడూ పాదానికి బయటి వైపే ఉండాలి. లోపలి వైపు ఉంటే రెండో కాలు దాని మీద పడి మనిషి తూలిపడే ప్రమాదం ఉంది.

తోలు పట్టీలు వాడేవాళ్లకు ఒక మాట. చర్మం వెన్ను భాగంలో, వెన్నుకు సమాంతరంగా కోసిన పట్టీ తక్కువ సాగుతుంది. పొట్ట భాగంలో కోసింది కొద్ది రోజులకే వదులవుతుంది. తోలుకూ అస్తరుకూ మధ్య సన్నటి నైలాన్ టేపు పెట్టి కుడితే సాగుడు దాదాపు ఆగిపోతుంది. బెజ్జాలు 5, వాటి మధ్య 7 మి.మీ. ఎడం. కొత్తప్పుడు మూడో బెజ్జంలో సరిపోయేలా కొలిస్తే అటూ ఇటూ జాగా మిగులుతుంది.

ప్రశ్న: వెల్క్రో పట్టీ నడుస్తుండగానే ఊడిపోతోంది.

జవాబు: వెల్క్రో పక్కకు లాగే బలానికి గట్టిగా నిలుస్తుంది, కొస నుంచి పైకి లేపే బలానికి తేలిగ్గా ఊడుతుంది. పట్టీని నేరుగా అవతలి వైపు అంటించకుండా రింగులోంచి దూర్చి వెనక్కి మడిచి తన మీదే అంటించండి. లాగుడు పక్కబలంగా మారుతుంది, పైగా అతుకు మీద సుమారు సగం బరువే పడుతుంది. ఎంత వదులు చేసినా కనీసం 40 మి.మీ. అతుకు మిగలాలి. కొక్కేల వైపు చర్మానికి తగలకుండా చూసుకోండి. కొక్కేల్లో చేరిన దారాలూ వెంట్రుకలూ పాత పళ్లబ్రష్‌తో తీస్తే పట్టు చాలా వరకు తిరిగి వస్తుంది.

ప్రశ్న: అట్ట చుట్టూ లూపులు పెట్టి రిబ్బన్లు మార్చుకునే చెప్పులు చేస్తున్నాను. పిక్క దాకా చుట్టిన రిబ్బను పదినిమిషాల్లో కిందికి జారిపోతోంది.

జవాబు: పిక్క పైన లావు, కింద సన్నం. అక్కడ చుట్టిన రిబ్బను సన్నటి వైపుకు జారకుండా ఉండదు. ఆపడానికి బిగిస్తే రక్తం ఆడదు. చీలమండ ఎముకల పైన కాలు అన్నిటికంటే సన్నగా ఉండే చోట ఆపేయండి. శాటిన్ రిబ్బను ముడి నిలవదు. అడ్డగీతల నేత ఉన్న గ్రోగ్రెయిన్ రిబ్బను గానీ నూలు నాడా గానీ వాడండి. లూపులకు ఎలాస్టిక్ వద్దు, వదులైపోతుంది. సన్నటి నవారు లూపులు అట్ట పైన 10 మి.మీ. లేస్తే చాలు. వేళ్ల కీళ్ల దగ్గర ఒక జత, మొదటి జవాబులో చెప్పిన చీలమండ గుర్తుల దగ్గర ఒక జత, వేళ్ల సందులో ఒకటి. ఈ 5 లూపులతో చాలా అల్లికలు వస్తాయి. మెక్సికోలోని రారామురి పరుగు వీరుల సంప్రదాయ చెప్పులకైతే వేళ్ల సందులో ఒకటి, చీలమండకు చెరోవైపు ఒకటి, మూడే బెజ్జాలు. అట్ట తరచుగా పాత టైరు ముక్క. వాటితోనే కొండదారుల్లో పరుగెత్తుతారు.

వేళ్ల సందు బెజ్జం మాత్రం చర్మం మడత ఉన్న గుర్తు కంటే 3 మి.మీ. ముందుకు పొడవండి. సరిగ్గా గుర్తు మీదే పొడిస్తే అడుగడుక్కీ అక్కడే ఒరుసుకుంటుంది.

ప్రశ్న: షుగరు ఉండి పాదాలు వాచే పెద్దవాళ్లకు ఇలాంటి చెప్పు చేయవచ్చా? ఉంగుటం (బొటనవేలు దూరే ఉంగరం లాంటి పట్టీ) పెట్టమంటున్నారు.

జవాబు: ఉంగుటం, వేళ్ల సందు పట్టీ రెండూ వద్దు. షుగరు వల్ల స్పర్శ తగ్గిన పాదంలో అక్కడ ఒరిపిడి పుండు పడినా తెలియదు. స్పర్శ తగ్గిందని తేలినవాళ్లకు వేళ్లూ మడమా కప్పి ఉండే పాదరక్షలే కావాలి, అవి వైద్యులు చూసి చెప్పాలి. వాపు మాత్రమే ఉండి స్పర్శ బాగున్నవాళ్లకు చేస్తుంటే పట్టీలు 30 మి.మీ. వెడల్పు ఉంచండి, లోపల మెత్తటి అస్తరు వేయండి, కుట్లు చర్మం వైపు తేలకూడదు. మీగాలి పట్టీ ఒక వైపు పూర్తిగా తెరుచుకుంటే పాదాన్ని దూర్చే పని ఉండదు, పైనుంచి పెట్టేయొచ్చు. సర్దుబాటు 7 సెం.మీ. కాక 10 సెం.మీ. ఇవ్వండి, ఉదయానికీ రాత్రికీ పాదం వాపులో చాలా తేడా ఉండవచ్చు.

ప్రశ్న: పట్టీలు ఇంతగా సర్దుకుంటాయి కదా, పిల్లలకు రెండు సైజులు పెద్దది చేస్తే రెండేళ్లు వస్తుందా?

జవాబు: రాదు. పట్టీ సర్దుకుంటుంది గానీ అట్ట సర్దుకోదు. వేళ్ల ముందు 12 మి.మీ. దాటి అట్ట మిగిలితే పిల్లలు దాని అంచు తట్టుకుని పడతారు. చీలికల చోట్లు కూడా కీళ్లకు, చీలమండకు కుదరవు. అంతకంటే తక్కువ సందుతో చేసి, పాదం పెరిగేకొద్దీ అట్ట మార్చి, పట్టీలూ రింగులూ బకిల్సూ విప్పి కొత్త అట్టకు ఎక్కించేలా డిజైన్ చేయండి. అందుకోసం పట్టీ కొసలను జిగురుతో అంటించకుండా, మధ్య పొర కింద అడ్డంగా కుట్టిన మడతతో ఆపండి.