పెరట్లో బండలు పరిచేముందు

చిరంజీవి నాయనకు పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. పెరడంతా కడప బండలు పరిపించి, సాయంత్రాలు అందరూ కూర్చునేలా చేయిస్తున్నావంట. చేతికి అందొచ్చి ఇల్లు చక్కబెట్టుకునేవాడివైనావని మనసు నిండిపోయింది. ఫోన్ పెట్టేసినాక మాత్రం నిద్ర పట్టలేదు. అందుకే రాస్తున్నా.

బండల రంగు, సందుల్లో పూత, అవన్నీ మేస్త్రీ చూసుకుంటాడు. కింద మట్టిని తడిపి దిమ్మిసాతో గట్టిగా కొట్టించు. నా బాధంతా వాటం గురించే.

వంటింటి గడప కన్నా బండలు అర అడుగైనా కిందికి ఉండాల. అక్కణ్ణుంచి బయటికి అడుగుకు పావు అంగుళం చొప్పున వాలు రావాల. మీ పెరడు 12 అడుగులు, అంటే ఆ చివరికి 3 అంగుళాలు దిగాల. "కంటికే తెలుస్తుందిలే సార్" అంటాడు మేస్త్రీ. ఒప్పుకోవద్దు. లెవెల్ పైపు పట్టించి దారం కట్టించు. మొదటి వరస పరచగానే ఒక గోలీ పెట్టి చూడు. అది ఇంటివైపు దొర్లితే పని ఆపెయ్యి.

తిరుపతి కొర్లగుంటలో మేముండిన ఇల్లు నీకు గుర్తుండదు. పెరటి గోడ మూలన జానెడు తూము ఉండేది, మా అత్త పెట్టించింది. దాంట్లోంచి పందికొక్కులు వచ్చేవి, ఒకసారి పాము కూడా వచ్చింది. నేను పెరడంతా బండలు పరిపించినప్పుడు ఆ తూముకు ఇటుక పెట్టి సిమెంటు పూయించేసినా. అత్తకు అప్పటికే చూపు ఆనదు, మంచం మీదే ఉండేది. తాపీ చప్పుడు విని, "తూము మూస్తున్నారా అమ్మణ్ణీ? కొండ నీళ్లు ఎటు పోవాల?" అనింది. ఎండ మండిపోతోంది ఆ రోజు. నేను పలకలేదు.

కార్తీకంలో వాన పట్టుకుంది, మూడు రోజులు విడవలేదు. మీ అమ్మ నీ చెల్లెలి పురుటికి ఆసుపత్రిలో ఉంటే నువ్వు మా దగ్గరుండినావు, ఐదేళ్లవాడివి. మూడో రోజు సాయంత్రం కాసేపు తెరిపిచ్చింది. పాత క్యాలెండరు కాగితాలు చించి పడవలు చేసిచ్చినా నీకు. పెరట్లో మడమలు మునిగే నీళ్లు. నువ్వు గడప దగ్గర వదిలిన పడవలన్నీ తిన్నగా ఆ మూసిన తూము దగ్గరికే పోయి, సిమెంటుకు ఆనుకొని ఆగిపోతున్నాయి. చూసి నవ్వుకున్నానే గానీ, నీళ్లు ఆ దారే అడుగుతున్నాయని తట్టలేదు నాకు. దీపం పెట్టే వేళైందని నీ రెక్క పట్టి లోపలికి లాక్కొచ్చినా. నువ్వు ఏడ్చినావు.

ఆ రాత్రి లారీతో కంకర దించినంత చప్పుడైంది. బురదమట్టితో కట్టిన పాత గోడ, మూడు రోజులు నాని, లోపలికే పడింది. బట్టలుతికే బండ ఇటుకల కింద కనపడకుండా పోయింది. నువ్వు పడవలు వదిలింది దాని పక్కనే. అత్త చీకట్లో లేచి కూర్చుని ఒక్కటే అడిగింది, "పిల్లోడెక్కడ?" అని. మీ అమ్మకు గోడ పడిందనే చెప్పినా. మిగతాది ఇన్నాళ్లూ చెప్పలేదు.

కాబట్టి నీ గోడకున్న తూము ఏదీ మూయనీయొద్దు. పురుగూ పుట్రా భయముంటే ఇనుప జాలీ బిగించు, చెత్త పట్టకుండా వారానికోసారి తీసి కడుగు. డాబా నీళ్లు దిగే పైపును బండల మీదికి వదలొద్దు. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే 900 లీటర్లకు పైనే వస్తాయి, అవన్నీ ఒక్క మూల దూకితే ఏ వాటమూ ఆపలేదు. ఇంకుడు గుంతకు మళ్లించు. గుంత పునాదికి 10 అడుగులైనా దూరంగా ఉండాల. ముందు అడుగున్నర గుంత తవ్వి నీళ్లు పోసి చూడు. తెల్లారినా నిలిచే ఉంటే ఆ నేల తాగదు. అప్పుడు వీధి కాలువ దాకా పైపు వేయించు. పక్కింటి వాళ్ల దొడ్లోకి మాత్రం వదలొద్దు, రేపు ముఖాలు చూసుకోవాల.

మన ఊళ్లో నీళ్లు కొండ దిగి స్వర్ణముఖి దిక్కు పోతాయి. 2021 నవంబరులో కపిలతీర్థం దగ్గర ఎట్లా విరుచుకుపడినాయో నువ్వూ చూసినావు కదా. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు లోపలే. పని దసరాకు ముందే అయిపోవాల.

అరిచినట్టుంటే ఏమనుకోవద్దు నాయనా. వచ్చే ఆదివారం పొద్దున చిత్తూరులో బస్సెక్కి వస్తా. నేను వచ్చి చూసేదాకా ఆ గోడ మూల పని ముట్టుకోవద్దని మేస్త్రీకి చెప్పు. పాపను కూడా అటు ఆడనీయొద్దు.

మీ పెద్దమ్మ